బొట్టు పెట్టిన బ్యాటరీ

ఆయన పేరు నేను రాయను. కావాలంటే నూజివీడు బస్టాండు ఎదురుగా కట్టిన ఫ్లెక్సీ చూసుకోండి, అందులో మూరెడేసి అక్షరాల్లో ఉంది. పేరు కింద ‘ఈ ప్రాంతపు ట్రాక్టర్లకు వెలుగునిచ్చిన మహామనిషి’ అని వేశారు. దాని కింద ‘ప్రభువునందు నిద్రించారు’ అని వేశారు. నిద్రించిన సంగతి మీద నాకేమీ అభ్యంతరం లేదు. వెలుగునిచ్చాడన్న దగ్గరే నాకు మండింది.

మొన్న బీపీ మాత్రల కోసం టౌన్లోకి వెళ్లి, ఆటో దిగి తలెత్తితే పైనుంచి నన్నే చూస్తున్నాడు. తెల్ల చొక్కా, మోచేతుల దాకా మడిచిన చేతులు, కాలరు కింద మడత పెట్టిన రుమాలు, కళ్లు మూసుకుపోయే ఆ నవ్వు. వెనక మా ఎర్ర ట్రాక్టరు. ఆ ఫొటో తీసిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. ఆయన పక్కనే, మడ్‌గార్డు మీద చెయ్యి వేసి నిలబడ్డాను. ఫ్లెక్సీ చేసినవాళ్లు నన్ను కత్తిరించేసి చెయ్యి మాత్రం వదిలేశారు. మణికట్టు దాకా ఉంది, ఆ తర్వాత మనిషి లేడు. చిటికెన వేలి మీద కాలిన మచ్చతో సహా అది నా చెయ్యే. చూసేవాళ్లకి ట్రాక్టరుకి చెయ్యి మొలిచిందేమో అనిపిస్తుంది.

పక్కన జామకాయల బండి మనిషి నేను చూడ్డం చూసి, “గొప్ప మెకానికండీ. మీకు తెలుసా?” అన్నాడు.

“ఆ చెయ్యి నాదే” అన్నాను.

అతను ఫ్లెక్సీకేసి చూశాడు, నాకేసి చూశాడు, ఒక జామకాయ కోసి ఉప్పూ కారం అద్ది చేతిలో పెట్టాడు. ఎండదెబ్బ అనుకున్నట్టున్నాడు.

అందుకే ఇది రాస్తున్నాను. పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. మంచే రాస్తాను. ఆయనలో నేను చూసింది అదే, నా బాధా అదే.

ముందు నేనెవరో చెప్పాలి, ఫ్లెక్సీ ఎలాగూ చెప్పదు కాబట్టి. నూజివీడులో మామిడికాయల వ్యాపారం చేసే ఒక షావుకారుగారి దగ్గర నేను ట్రాక్టరు డ్రైవరుని. యాభైల చివర్లో ఎక్కడో ప్రాజెక్టు పని అయిపోయి వేలం వేస్తే, షావుకారుగారు ఆ పాత విదేశీ ట్రాక్టరు కొన్నారు. అప్పటికి మా చుట్టుపక్కల ట్రాక్టరు వెళ్తుంటే పొలంలో మనిషి పని ఆపి నిలబడేవాడు. దాన్ని తెచ్చిన మనిషి గేర్లు ఎలా వెయ్యాలో చూపించి, ఒక ఇంగ్లీషు పుస్తకం నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

నాకు బడి లేదు. నేను చదువుకున్నది మామిడికాయల గంపల్లో. అడుగున గడ్డి వేసి, పాత పేపర్లు పరిచి కాయలు పేర్చేవాళ్లం. ఆ పేపర్లు చూస్తూ అక్షరాలు కూడబలుక్కున్నాను. కథ సగం ఒక గంపలో ఉండేది, మిగతా సగం ఇంకో గంపలో కాయల కింద పడి కలకత్తా వెళ్లిపోయేది. అందుకే ఇప్పటికీ ఎవరైనా మాట మధ్యలో ఆపితే నాకు కోపం వస్తుంది. తెలుగు వచ్చాక ఒక డిక్షనరీ కొనుక్కుని ఆ ట్రాక్టరు పుస్తకం చదివాను. అర్థం కాని చోట బోల్టు విప్పి చూశాను. బోల్టు విప్పితే అర్థం కానిది పుస్తకంలో చూశాను. అలా ఆ బండి నాది అయింది. కాగితం మీద షావుకారుగారిది. చేతి మీద నాది.

దానిదొక జబ్బు. ఇంజను తిరిగేటప్పుడు కరెంటు పుట్టించి బ్యాటరీకి పంపే డైనమో ఒకటి పక్కన ఉండేది, చిన్న పీపాలాగా. ఇంజను జోరుగా తిరిగితేనే అది పనిచేసేది. బండి నెమ్మదిస్తే దానికి నిద్ర వచ్చేది. మా పనేమో నెమ్మది పని. ఎండ దిగాక కాయలు ఎక్కించుకుని బయల్దేరాలి. నూజివీడు స్టేషన్ అన్న పేరేగానీ అది నూజివీడులో లేదు, హనుమాన్ జంక్షన్ దగ్గర ఉంది. అంత దూరం ట్రైలరు నిండా గంపలతో, గతుకుల్లో కాయ నలగకుండా నడకలాగా పోవాలి. చీకటి పడేసరికి మా దీపాలు ఆరిపోబోయే చుట్ట నిప్పులాగా ఉండేవి.

ఆ డైనమోని నేను పసిబిడ్డలాగా సాకాను. లోపల రాసుకునే బొగ్గు ముక్కలు అరిగిపోతే అవి దొరికేవి కావు. టార్చిలైటు సెల్లు పగలగొట్టి, లోపలి బొగ్గు కడ్డీ తీసి, ఆకురాయితో అరగదీసి కూర్చోబెట్టేవాణ్ణి. ఏ పుస్తకంలోనూ లేదు ఆ ఉపాయం. ఫ్లెక్సీలో అంతకన్నా లేదు.

ఇంకొకటి కూడా నాదే, అదే ఈ కథకి ముఖ్యం. ఒకసారి బ్యాటరీ విప్పుతుంటే స్పానరు జారి అటు బ్యాటరీకీ ఇటు బండి ఇనుముకీ తగిలింది. నిప్పులేచి చిటికెన వేలు కాలింది. ఆ మచ్చే ఇప్పుడు ఫ్లెక్సీలో ఉంది. తర్వాత కూర్చుని ఆలోచించాను. బ్యాటరీకి రెండు కొమ్ములు. ఒకటి బండి ఒంటికి కలిపి ఉంటుంది, దాంతో భయం లేదు. రెండోదే కాల్చేది. అందుకని ఒంటికి కలిపిన కొమ్ముకి పసుపు రాశాను, గడపకి రాసినట్టు. కాల్చే కొమ్ముకి కుంకుమ పెట్టాను. తీసేటప్పుడు పసుపు వైపు ముందు తియ్యాలి, పెట్టేటప్పుడు పసుపు వైపు ఆఖర్న పెట్టాలి. అలా చేస్తే స్పానరు ఎన్నిసార్లు జారినా చెయ్యి కాలదు. ప్రతి శుక్రవారం ఆ రంగులు కొత్తగా అద్దేవాణ్ణి. షావుకారుగారి అమ్మగారు చూసి, “వీడికి భక్తి ఎక్కువరా” అని మురిసిపోయారు. భక్తి కాదు, వేలు. కానీ నేను చెప్పలేదు.

ఇక ఆయన. బాపులపాడు వైపు మనిషి, క్రైస్తవుడు. షావుకారుగారి రేడియో మూగబోతే ఎవరో పిలిపించారు. సైకిలు మీద వచ్చాడు. హ్యాండిలుకి గుడ్డసంచీ, అందులో ఒక్కో పనిముట్టుకీ ఒక్కో అర కుట్టి ఉంది. రేడియో వెనక అట్ట విప్పి, దాని ముందు మఠం వేసుకుని కూర్చుని, “ఏమండీ, ఎందుకండీ అలిగారు?” అన్నాడు.

నేను షావుకారుగారితో అన్నాడేమో అనుకున్నాను. కాదు, రేడియోతో. ఆయన యంత్రాలన్నిటినీ మీరు అనేవాడు. మోటారు తిరక్కపోతే “లేస్తారా, కాసేపు పడుకుంటారా?” అనేవాడు. నట్టు బిగుసుకుపోతే “మరీ అంత పట్టుదలేమిటండీ” అనేవాడు. ఆ రేడియో ఆయన మాటకి సిగ్గుపడినట్టు గరగరమని, పాడింది. నేను ఆ ట్రాక్టరుని ఎన్ని తిట్లు తిట్టేవాణ్ణో అప్పుడు గుర్తొచ్చి ఒళ్లు మండింది.

దానికితోడు షావుకారుగారు ఆ పూటే ఆయన్ని “ఏమయ్యా” అన్నారు. నేను ఇన్నేళ్ల చాకిరీ తర్వాత కూడా “ఒరేయ్”నే.

అసలు దెబ్బ మామిడికాయ దగ్గర తగిలింది. షావుకారుగారు ఆయనకో చిన్న రసం ఇచ్చారు. రసం తినడం తెలుసుగా, మెత్తగా నలిపి, తొడిమ దగ్గర చిల్లు పెట్టి జుర్రుకోవాలి. ఈ తోటల్లోనే పుట్టి పెరిగినవాణ్ణి, ఇప్పటికీ నేను తింటే మోచెయ్యి దాకా కారుతుంది, చొక్కా పాడవుతుంది, మా ఆవిడ సణుగుతుంది. ఆయన ఆ తెల్ల చొక్కాతో నిలబడి, షావుకారుగారితో మాట్లాడుతూనే కాయంతా జుర్రేసి, టెంక బయటికి తీసి చీకి, తొక్కలో పెట్టి మడిచి గూట్లో పెట్టాడు. ఒక్క చుక్క పడలేదు. పడుతుందేమోనని ఆఖరిదాకా చూశాను. పడలేదు. పని చేసినా అంతే. ఇంజను కింద దూరి వచ్చినా ఆ చొక్కా మీద మరక ఉండదు. నేను బండి పక్కనుంచి నడిచి వెళ్లినా నల్లగా అయ్యేవాణ్ణి.

అరవైల చివర ఒక సీజను ఆఖరి రోజుల్లో, దారిలో తూము దగ్గర మా దీపాలు పూర్తిగా పోయాయి. ట్రైలరు చక్రం ఒకటి గట్టు దిగింది. గంపలు కాలవలో పడ్డాయి. నా బొగ్గు కడ్డీల తప్పు కాదు, డైనమో లోపలి తీగలే కాలిపోయాయి. బెజవాడ తీసుకెళ్లి తీగలు చుట్టించుకొచ్చాను. మళ్లీ కాలిపోయింది.

షావుకారుగారు ఆయన్ని పిలిపించారు. ఆయన స్క్రూడ్రైవరు మొన డైనమోకి ఆనించి, పిడి చెవికి ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు. నన్ను ఇంజను తిప్పమన్నాడు. తర్వాత ఆ డైనమో మీద చెయ్యి వేసి, “చాలా కష్టపడ్డారండీ. ఇక విశ్రాంతి తీసుకోండి” అన్నాడు.

“మళ్లీ చుట్టిస్తే పనిచేస్తుంది” అన్నాను నేను.

“చేస్తారు అన్నగారూ, పరిగెత్తేటప్పుడు చేస్తారు. మన బండి నడుస్తుంది కదండీ. నడిచేటప్పుడు కూడా కరెంటిచ్చేది ఒకటి వచ్చింది. ఆల్టర్నేటరంటారు.”

ఆ మాట నేను అంతకుముందెప్పుడూ వినలేదు. వినలేదని ఒప్పుకోకుండా ఇంటికెళ్లి డిక్షనరీలో వెతికాను. ‘వంతులవారీగా వచ్చునది’ అని ఏదో ఉంది. నా వంతు అయిపోయిందని చెప్పినట్టు అనిపించింది.

“మనది ఆరు వోల్టుల బండి. బల్బులు, సెల్ఫు, అన్నీ ఆరే. ఆరు వోల్టుల ఆల్టర్నేటరు ఎక్కడ దొరుకుతుందయ్యా?” అని మర్నాడు అడిగాను.

“చూద్దామండి” అన్నాడు. ఏది అడిగినా అదే మాట. అవుననడు, కాదనడు. మీరు వాదన పెట్టుకుందామన్నా పట్టు దొరకదు.

అప్పుడే షావుకారుగారు ఆ మాట అన్నారు. కాయలు పోగుచేసి లోడు ఎత్తే మా యార్డులో ఒక ఆనవాయితీ ఉండేది. సీజనులో తొలి లోడు స్టేషనుకి బయల్దేరేటప్పుడు, అమ్మగారు స్టీరింగుకి కొత్త తువ్వాలు కట్టి, తొలికోత రసాల గంప ఒకటి బండి నడిపించేవాడి నెత్తిన పెట్టేవారు. తొలి గంప అనేవాళ్లం. ట్రాక్టరు వచ్చినప్పట్నుంచీ అది నాది. మర్నాడు మా ఆవిడ తలంటుకుని, ఆ కాయలు మా వీధిలో ఇంటింటికీ పంచేది. మిగతా ఏడాది అంతా అప్పు అడుగుతామేమోనన్నట్టు ముక్తసరిగా మాట్లాడేవాళ్లు కూడా ఆ రోజు “వదినగారూ, మీ ఇంటి కాయ వచ్చిందాకా మాకు సీజను రాదండీ” అనేవాళ్లు. కూలివాడి ఇల్లు ఏడాదికి ఒక్క పూట పెద్దిల్లు అయ్యేది.

“వచ్చే ఏడు తొలి గంప దీపాలు నిలబెట్టినవాడికి” అన్నారు షావుకారుగారు. అందరి ముందూ అన్నారు.

నేను డైనమో పట్టుకుని మళ్లీ బెజవాడ పోయాను. చుట్టేవాడు దాన్ని చూసి, “ఇంక దీంట్లో ఏమీ లేదు బాబాయ్” అన్నాడు. ఆయన కూడా ఆ రోజుల్లోనే బెజవాడ పాత ఇనుము కొట్లన్నీ తిరిగాడట. పిందెలు కాయలయ్యే వేళకి గుడ్డసంచీలో చంటిబిడ్డని తెచ్చినట్టు ఒకటి తెచ్చాడు. ఏదో విదేశీ బండిలోంచి ఊడదీసింది. ఆరు వోల్టులది. ఎలా దొరికిందని అడిగితే నవ్వాడు. కళ్లు మూసుకుపోయాయి.

బిగించే రోజు తోటలో పాక కింద బోర్లించిన గంప మీద కూర్చుని నేను చూస్తూనే ఉన్నాను. తప్పు పట్టాలనే చూశాను. డైనమో కూర్చునే చోట ఇది కూర్చోదు. లారీ కమాను పట్టా ముక్క కోసి, చిల్లులు వేసి, దానికి పీట చేశాడు. పుల్లీ చిన్నది వేశాడు, ఇంజను నెమ్మదిగా తిరిగినా ఇది జోరుగా తిరగాలని. రెండు పుల్లీల మధ్య నూలుదారం లాగి పట్టుకుని, బెల్టు వంకర పోదు కదా అని ఒక కన్ను మూసి చూశాడు. నేను కూడా దొంగచాటుగా ఒక కన్ను మూసి చూశాను. దారం తిన్నగానే ఉంది. తిన్నగా ఉన్నందుకు నాకు ఏడుపొచ్చింది.

ఇక్కడ ఒక సంగతి. లారీలకీ కార్లకీ అప్పటికి ఎక్కువగా బ్యాటరీ మైనస్ కొమ్ము బండి ఒంటికి కలిపేవాళ్లు. మా పాత ట్రాక్టరుకి తిరగేసి, ప్లస్ ఒంటికి కలిపి ఉంది. అది పుస్తకంలో ఉంది, నాకు తెలుసు. ఆయన తెచ్చిన ఆల్టర్నేటరుకేమో మైనస్సే ఒంటికి ఉండాలి. తారుమారైతే లోపలున్న చిన్న బొత్తాల్లాంటివి కాలిపోతాయి. ఆయన బ్యాటరీ పెట్టె మూత తీసి చూశాడు. కాల్చే కొమ్ము మీద, అంటే మా బండికి మైనస్ మీద, నా కుంకుమ ఉంది, ఎర్రగా. ఆయన లోకంలో ఎరుపంటే ప్లస్. ఏ తీగ ఎర్రగా ఉన్నా ప్లస్. పసుపూ కుంకుమా ఏ ఎలక్ట్రీషియను నేర్చుకున్న రంగులు? ఎర్రటిది ప్లస్, అయితే ఒంటికి మైనస్, తన సామానుకి సరిగ్గా సరిపోయింది అనుకున్నాడు. కలిపేశాడు.

చిటపటమని ఒక మెరుపు. తీగ తొడుగు కరిగి నల్లటి పొగ. ఆయన చెయ్యి కుంకుమ వైపు పోతోంది లాగెయ్యడానికి.

“పసుపు! పసుపు వైపు తియ్!” అని అరిచాను.

ఆయనకి అర్థం కాలేదు. వెర్రిచూపు చూశాడు. నేనే ఎగిరి దూకి, భుజం మీది తువ్వాలు చేతికి చుట్టుకుని, పసుపు వైపు పట్టీ పీకేశాను. పొగ ఆగింది. ఆయన చెయ్యి, నా బండి, రెండూ మిగిలాయి. చూశారా, ఇదీ ఫ్లెక్సీలో లేదు.

పొగ చూసి షావుకారుగారు పరిగెత్తుకొచ్చారు. “ఎవరి పనిరా ఇది?”

నేను సిద్ధంగా ఉన్నాను. ఆ బొట్టు వల్లే అని ఆయన అంటాడు. అనగానే నేను అందుకోవాలి. ‘నా బొట్టు నా బండికి సరైనది. పరాయి బండి ముట్టుకునేవాడు అడిగి ముట్టుకోవాలి. ఇన్నేళ్లలో ఎవరి వేలూ కాలలేదు దానివల్ల’ అని మొత్తం పేర్చి పెట్టుకున్నాను, గంపలో కాయలు పేర్చినట్టు.

“నాదేనండి” అన్నాడు ఆయన. “మీటరు పెట్టి చూసుకోకుండా కలిపాను. అన్నగారు లాగకపోతే బండి పోయేదండి.”

బొట్టు మాటే ఎత్తలేదు. నేను పేర్చుకున్నదంతా గంపలోనే ఉండిపోయింది.

షావుకారుగారు, “తప్పు నాదని చెప్పే మనిషిని ఈ యార్డులో ఇప్పుడే చూశానయ్యా. పోనీలే, బాగు చేసుకురా” అన్నారు. నాకేసి తిరిగి, “నువ్వు ఆ తువ్వాలు ఉతుక్కోరా” అన్నారు.

మీరే చెప్పండి. సామాను కాల్చిన మనిషికి మెచ్చుకోలు. ఆర్పినవాడికి తువ్వాలు. మనిషన్నాక తప్పు చేసినప్పుడైనా కాస్త చిన్నబోవాలి కదా! ఆయన తప్పు కూడా మరక పడకుండా చేసేవాడు.

షావుకారుగారు వెళ్లాక ఆయన వచ్చి నా పక్కన ఇంకో గంప బోర్లించుకుని కూర్చున్నాడు.

“ఆ పసుపేమిటండీ, అన్నగారూ?”

చెప్పకూడదనుకున్నాను. చెప్పాను. చిటికెన వేలు చూపించాను. స్క్రూడ్రైవరు చెవికి ఆనించుకున్నప్పుడు వింటాడే, అలా కళ్లు మూసుకుని విన్నాడు. “తీసేటప్పుడు పసుపు ముందు, పెట్టేటప్పుడు పసుపు ఆఖరు” అని పాఠంలాగా రెండుసార్లు అనుకున్నాడు. “నాకు ఏ మేస్త్రీ చెప్పలేదండీ ఇలా” అన్నాడు.

అప్పటిదాకా నా జీవితంలో ఎవరూ నా దగ్గర ఏదీ నేర్చుకోలేదు. లోపల ఎక్కడో తీపిగా అనిపించింది. అది కూడా ఈయన వల్లే అనిపించిందే అని వెంటనే చేదెక్కింది.

ఆ బొత్తాలు మార్పించుకొచ్చి మళ్లీ బిగించాడు. ఈసారి మీటరు పెట్టాడు, బ్యాటరీ కొమ్ములు అటుది ఇటు, ఇటుది అటు చేశాడు, మైనస్సు ఒంటికి కలిపాడు. కలిపే ముందు నన్ను పిలిచి, “పసుపు ఎటు పెడతారండీ ఇప్పుడు?” అన్నాడు. ఒంటి వైపే పెట్టాను. కుంకుమ కాల్చే వైపు. ప్లస్ మారినా మైనస్ మారినా నా లెక్క మారలేదు, గమనించండి.

తొలి లోడు రోజు పొద్దు గూకుతుండగా యార్డంతా జనం. అమ్మగారు స్టీరింగుకి తువ్వాలు కట్టారు. నేను ఇంజను స్టార్టు చేసి దీపాలు వేశాను. ఆయన బానెట్టు మీద చెయ్యి వేసి, “కాస్త నెమ్మదించండి” అన్నాడు. నాతో కాదు. నేను యాక్సిలరేటరు తగ్గించాను. ఇంజను ఇంకా తగ్గించాను, ఆగిపోతుందేమో అన్నంత. ఆ దీపాలు వణకలేదు. ఎదురుగా గోడ మీద సున్నం మరకలు కూడా కనిపించాయి. జనం హోరెత్తిపోయారు. ఇన్నేళ్లు నేను చుట్ట నిప్పుతో నడిపిన బండి అది.

షావుకారుగారు గంప ఎత్తించారు. అమ్మగారు నాకేసి ఒకసారి చూసి, ఆయన నెత్తిన పెట్టారు. గంప దించాక ఫొటో స్టూడియో అతను ఫొటో తీశాడు. మడ్‌గార్డు మీద చెయ్యి వేశానే, అది ఫోజు కోసం కాదు. బండైనా నాదని చెప్పుకోడానికి.

ఇంటికెళ్తే మా ఆవిడ గుమ్మంలోనే ఉంది. “గంపేదండీ?”

నేను కాళ్లు కడుక్కుని పడుకున్నాను.

తెల్లారేసరికి సైకిలు చప్పుడు. క్యారియరు మీద గంప. “అక్కయ్యగారూ, ఇది ఏటా మీ ఇంటికొచ్చేదటండీ. నేను ఒక్కణ్ణి, ఇన్ని ఏం చేసుకుంటాను?” అని దించి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు. కనీసం నన్ను లేపమని కూడా అనలేదు. లేచే ఉన్నాను, దుప్పటి కింద.

మా ఆవిడ తలంటుకుని వీధంతా పంచింది. “మా తమ్ముడు తెచ్చాడు” అని చెప్పిందట! ఒక్క పూటలో తమ్ముడైపోయాడు. మధ్యాహ్నం నా కంచం పక్కన ఒక రసం పెట్టింది.

“నాకొద్దు.”

“కాయ ఏం చేసిందండీ మిమ్మల్ని?”

“వద్దన్నానా!”

“అతను ఇస్తే కుళ్లు. ఇవ్వకపోతే ఇంకా కుళ్లు. ఎలా బతకాలి మీతో?” అని ఆ కాయ తనే తినేసింది. తీపిగా ఉందని కూడా చెప్పింది.

మరుసటి ఏడు నుంచి గంప మళ్లీ నాకే పెట్టారు. ఆయనే షావుకారుగారితో చెప్పాడని తర్వాత తెలిసింది. ఆ గంప మోసిన ప్రతిసారీ నెత్తిన ఆయన కూర్చున్నట్టు ఉండేది.

తర్వాత ఆయన జంక్షన్లో షాపు పెట్టాడు. ఈ చుట్టుపక్కల ట్రాక్టర్లన్నీ ఆయన దగ్గరికే పోయేవి. నేను ఒక్కసారి కూడా వెళ్లలేదు. దారిలో కనిపిస్తే సైకిలు దిగి, “బాగున్నారా అన్నగారూ? బండివారు బాగున్నారా?” అనేవాడు. “ఆఁ” అనేవాణ్ణి. అంతే మా మాటలు. ట్రాక్టరుకి ముసలితనం వచ్చాక షావుకారుగారు దాన్ని అమ్మేశారు. ఆ రోజు ఆయన వచ్చి బానెట్టు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. నేను ఇటు, ఆయన అటు.

ఫ్లెక్సీ చూసినాక, జంక్షన్లో జరిగిన జ్ఞాపకార్థ కూడికకి వెళ్లాను. వెళ్లకపోతే మా ఆవిడ నోరు మూయించలేను. ప్రార్థన అయ్యాక భోజనాల దాకా ఉండబుద్ధి కాక, పక్కనే ఉన్న ఆయన షాపు వైపు నడిచాను. మూసి ఉంటుందనుకున్నాను. ఒక ట్రాక్టరు అత్యవసరంగా వచ్చినట్టుంది, తల నెరిసిన మెకానిక్కు ఒకతను కొత్త బ్యాటరీ పెడుతున్నాడు. పెట్టే ముందు రెండు చిన్న డబ్బాల మూతలు తీశాడు. ఒక కొమ్ముకి పసుపు పెయింటు అద్దాడు. రెండోదానికి ఎర్ర పెయింటు బొట్టు పెట్టాడు.

నేను ఇంకా దగ్గరికి జరిగాను. “అదేంటి బాబూ?”

“బొట్టండీ. మా గురువుగారి బొట్టంటాం. తీసేటప్పుడు పసుపు ముందు, పెట్టేటప్పుడు పసుపు ఆఖరు. చెయ్యి కాలదు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లం అందరం ఇంతేనండి, అటు చింతలపూడి దాకా.”

“గురువుగారి బొట్టా?” అన్నాను. “ఆయన కనిపెట్టాడా ఇది?”

“లేదండీ. చేరిన ప్రతివాడికీ మొదటి రోజే చెప్పేవారు. ఒక అన్నగారి దగ్గర నేర్చుకున్నాను, ఆయన్ని అడక్కుండా బండి ముట్టుకుని సామాను కాల్చుకున్నాను, ఆయనే నా చెయ్యి కాపాడారు అని.”

“ఎవరా అన్నగారు?”

అతను స్పానరు దించి నవ్వాడు. “ఎన్నిసార్లు అడిగినా పేరు చెప్పలేదండీ. ‘అన్నగారికి నేనంటే పడదు, పేరు చెబితే ఇంకా కోపం వస్తుంది’ అనేవారు. మీకేమైనా తెలుసాండీ?”

నేను చెయ్యి కండువా కింద పెట్టుకున్నాను. “తెలీదు” అన్నాను.

బస్సులో వస్తూ ఒక నిర్ణయానికి వచ్చాను. ఆయన నా పేరు చెప్పలేదు కాబట్టి నేనూ ఆయన పేరు రాయను, చెల్లుకు చెల్లు. ఆ పట్టుదలతోనే రాయడం మొదలుపెట్టాను. ఇప్పుడు రాసింది మొదట్నుంచీ చదువుకుంటే ఇంకో సంగతి తెలిసింది. నేను పేరు చెప్పకుండా ఆయన గురించి ఒక్కసారి చెప్పాను, అదీ చచ్చిపోయాక, పళ్లు నూరుకుంటూ. ఆయనేమో నా పేరు చెప్పకుండా నా గురించి బతికినన్నాళ్లూ చెప్పాడు, చేరిన ప్రతివాడికీ, నవ్వుతూ.

ఇందులోనూ ఆయనే గెలిచాడు.